సంత్రాగాఛి దగ్గర బండి నెమ్మదవుతుంది

కలకత్తా నుంచి వచ్చాక నా నడకలో ఒక ఠీవి వచ్చిందని మా వీధిలో అనుకుంటున్నారట. ఠీవి కాదు, కుడి మోకాలు వంగడం లేదు. మెడలో పతకంతో దిగాను కాబట్టి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పతకాన్ని అందరూ చూశారు. ఇద్దరు కొరికి చూశారు. కంసాలి వీరభద్రం తూచి చూస్తానన్నాడు గాని నేనే ఒప్పుకోలేదు. చూడ్డాలన్నీ అయ్యాక అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "చొక్కా ఏదీ?"

న్యాయమైన ప్రశ్నే. నీలం చొక్కా, గుండె మీద పసుపు అక్షరాలతో ఇంగ్లీషులో రాష్ట్రం పేరు, దాని కింద తెలుగులో 'ఆంధ్ర' అని. విజయనగరం స్టేషన్లో ఆ చొక్కాతోనే బండెక్కాను. తిరిగి ఆ చొక్కాతోనే దిగితే స్టేషను నుంచి కోట మీదుగా రిక్షాలో ఊరేగించాలని మా ఆఫీసువాళ్లు అనుకున్నారు. అనుకోమని నేనే చెప్పాను. తీరా దిగితే ఒంటి మీద మామూలు గళ్ల చొక్కా. పువ్వులు కట్టిన రిక్షా ముఖం చిన్నబోయింది. చొక్కా సంగతి ఇంటింటికీ తిరిగి చెప్పే మోకాళ్లు నాకిప్పుడు లేవు. వెళ్లనివాళ్లకి కలకత్తా చూపించినట్టూ ఉంటుందని ఇలా రాసి పెడుతున్నాను.

కుక్క పుణ్యం

యాభై దాటాక నన్ను నడవమన్నది డాక్టరు. పరిగెత్తమన్నది కంటోన్మెంటు మలుపులో ఉండే గోధుమరంగు కుక్క. రోజూ తెల్లారి అది నన్ను నీళ్ల ట్యాంకు దాకా దిగబెట్టి వెళ్లేది. అలా నెలల తరబడి దాని శిక్షణలో ఉన్నాక, పెద్ద వయసువాళ్లకి కూడా పరుగు పందేలు ఉంటాయని, వాళ్లని వెటరన్లంటారని మా ఊరి డ్రిల్లు మాస్టారు రాజుగారు చెప్పారు. ఆయన రిటైరయి చాలా కాలమైనా మెడలో ఈల మాత్రం రిటైరవలేదు. పెళ్లి భోజనాల్లో కూడా రెండో పంక్తిని ఈల వేసి కూర్చోబెడతారు.

జిల్లా పోటీల్లో నా వయసువాళ్లకి పెట్టిన నాలుగు వందల మీటర్ల పరుగులో నేను మొదటివాణ్ని. పరిగెత్తింది నేనొక్కణ్నే అన్నది అసూయపరుల మాట. రాష్ట్రం పోటీల్లో రెండోవాణ్ని. అక్కడ ఇద్దరం ఉన్నాం. ఆ లెక్కన కలకత్తాలో జరిగే దేశం పోటీలకి నలుగురం బయలుదేరాం: నేను, రాజుగారు, బొబ్బిలి నుంచి బియ్యం వ్యాపారి అప్పలస్వామి, విశాఖపట్నం నుంచి శేషగిరి. శేషగిరి ఒక కాలేజీలో లెక్కల లెక్చరరు. లాంగ్‌జంప్ దూకేముందు గాలి కోణం లెక్కకట్టే మనిషి.

వెళ్లే ముందు రోజు మా ఆఫీసు టైపిస్టు రత్నం నా బల్ల మీద ఒక జాడీ పెట్టింది.

"మా మేనమామ సంత్రాగాఛిలో ఉంటాడు గురువుగారూ. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఈ గోంగూర పచ్చడి ఆయనకి అందించండి. పగిలితే మాత్రం ఊళ్లోకి రాకండి."

దారి పొడుగునా నా బూట్లు సీటు కింద పెట్టుకుని, జాడీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పసిపిల్లలున్నవాళ్లు నన్ను చూసి నేర్చుకున్నారు.

హౌరా మైదాన్

హౌరాలో దిగగానే మొదట కనిపించేది జనం. రెండోసారి చూసినా జనమే. మూడోసారి చూస్తే అందరి తలల మీదా కోతి టోపీలు. మా ఊళ్లో పండక్కి కూడా పంకా వేసుకుని పడుకునే చలికి, వాళ్లు చెవులు, మెడ, గడ్డం అన్నీ ఉన్నిలో చుట్టేసి కళ్లు మాత్రం బయటపెడతారు. పొట్టి నిక్కరుతో నన్ను చూసి టీ కొట్టాయన గుండె పట్టుకున్నాడు. "ఠాండా లేగే జాబే, దాదా," అన్నాడు, చలి పట్టుకుంటుందని. డబ్బు తీసుకోవడం కూడా మరిచిపోయి నా మోకాళ్ల వంకే జాలిగా చూశాడు. టీ రూపాయి. మట్టి ముంతలో ఇస్తారు. తాగి, ముంతని కాలవ పక్కన విసిరి పగలగొట్టాలి. మా ఇంట్లో టీ తాగి కప్పు పగలగొడితే జరిగే మర్యాద గుర్తొచ్చి, నేను మాత్రం ముంతని నెమ్మదిగా నేల మీద పెట్టి వచ్చాను.

రెండో ఉదయం కాళ్లు సాగదీద్దామని మైదానం పక్కన చిన్నగా పరుగు మొదలుపెట్టాను. సందు తిరిగేసరికి ఎదురుగా ఎర్రజెండాల ఊరేగింపు వచ్చింది. ఎందుకో తెలీదు. అక్కడ ఊరేగింపుకి కారణం అడగడం, మా దగ్గర పెళ్లికొడుకు తండ్రిని పెళ్లెందుకని అడగడం లాంటిది. పక్కకి తప్పుకుందామంటే చోటు లేదు. వాళ్ల పక్కనే పరిగెత్తాను. ముందుకీ వెనక్కీ తిరుగుతున్న నన్ను చూసి వరసలు సర్దడానికి వచ్చిన మనిషిననుకున్నారో ఏమో, ఒకాయన నా చేతికి జెండా ఇచ్చాడు. ఇంకొకాయన "చోల్బే నా" అన్నాడు. నేనూ "చోల్బే నా" అన్నాను. చెల్లదు అని దాని అర్థమట. ఏది చెల్లదో ఈరోజుకీ తెలీదు గాని, నా మాట మీద హౌరా వంతెన ఈ చివర బస్సులన్నీ ఆగాయి. చివర్లో పేలాల్లాంటి మూరీలో ఆవనూనె, పచ్చిమిరపకాయలు కలిపి కాగితం పొట్లంలో పెట్టారు. ఆ ఆవనూనె ముక్కులోంచి ఎక్కి నడినెత్తి మీదుగా బయటికి పోయింది. జలుబు చేసే భయం ఇక లేదు.

సంత్రాగాఛి

ఆ మధ్యాహ్నం జాడీ పట్టుకుని లోకల్ బండిలో సంత్రాగాఛి వెళ్లాను. స్టేషను చుట్టూ పట్టాలు, పట్టాల చుట్టూ ఎర్ర ఇటుకల క్వార్టర్లు. ఒక గుమ్మం ముందు అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి, నల్లగా, పొడుగ్గా, కోతి టోపీ పెట్టుకుని నిలబడి, వెళ్లే ప్రతి బండికీ చెయ్యి చూపిస్తున్నాడు. ఆయనే రత్నం మేనమామ డేనియల్. ఉద్యోగంలోంచి దిగినా బళ్లని మాత్రం ఇంకా ఆయనే పంపిస్తున్నాడు.

"ఏటి తమ్ముడూ, మా రత్నం పంపినాదేటి? రా, ముందా జాడీ ఇలగియ్యి."

లోపలి నుంచి ఆయన భార్య మార్తమ్మ వచ్చింది. "మనిసిని ఒగ్గేసి జాడీని లోపలికి పిలుస్తారేటి? సిగ్గు లేదా మీకు? రా తమ్ముడూ, కూకో. ఆ నిక్కరేటి, అలగ తిరుగుతున్నావు? ఇక్కడోళ్లు సూత్తే ఆస్పత్రికి అట్టుకెల్పోతారు."

భోజనానికి ముందు డేనియల్ గారు కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. ఆహారానికి స్తోత్రం చెప్పి, గోంగూరకి విడిగా చెప్పి, తరవాత నా మోకాళ్ల దగ్గరికొచ్చారు. కుడిది, ఎడమది, మడమలు, నడుము, వరసగా ప్రతి కీలునీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పారు. పులుసులో చేప చల్లారింది. మధ్యలో ఒక కన్ను తెరిచి చూస్తే, మార్తమ్మ కూడా ఒక కన్నే మూసుకుంది. ఆ చేప పులుసుంది చూశారూ, పైన ఆవ ఘాటు, అడుగున మన చింతపండు. అంత కాలం బెంగాలులో కాపురం చేసి కుండలో రెండు రాష్ట్రాలకీ చోటు పెట్టిందావిడ.

చెయ్యి కడుక్కుంటుంటే డేనియల్ గారు నా చొక్కా వంక చూస్తున్నారు. అక్షరాల మీద వేలు పెట్టి, "ఆంధ్ర," అని చదివారు.

"ఆయనకి ఈ సొక్కా పిచ్చి ఈరోజుది కాదు," అంది మార్తమ్మ. "సెప్పండి, సెప్పకపోతే అరగదు మీకు."

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజుల్లో డేనియల్ గారు భీమిలి మిషన్ స్కూల్లో వంద మీటర్లు పరిగెత్తేవారట. కొత్త రాష్ట్రం తరఫున ఆడే జట్టులోకి ఎంపిక చేసి, దర్జీని పిలిపించి కొలతలు తీసుకున్నారు. చొక్కా కుట్టారు. అది చేతికొచ్చే వారంలోనే ఖరగ్‌పూర్‌లో ఇంజను మీద బొగ్గేసే ఉద్యోగం వచ్చింది. ఇంట్లో తినేవాళ్లు ఎక్కువ. బండెక్కేశారు.

"నా కొలతలకి కుట్టిన సొక్కా తమ్ముడూ. నా బదులు ఎల్లినోడికి బుజాల కాడ ఒదులయిపోనాదట. ఇక్కడేమో ఇన్నేళ్లయినా నన్ను మద్రాజీ అంటారు. మన దేశమెల్తే కలకత్తావోడొచ్చినాడంటారు. ఆ సొక్కా ఒక్కసారి ఏసుకుని పరిగెట్టుంటే..." అని, బయట ఏదో గూడ్సు వెళుతుంటే లేచి చెయ్యి చూపించి వచ్చారు.

సాల్ట్ లేక్

పోటీలు సాల్ట్ లేక్‌లో. ఉప్పూ లేదు, చెరువూ కనిపించదు. తిన్నగా గీత గీసినట్టున్న రోడ్లు, ఆఫీసు బస్సులు. పెద్ద స్టేడియం పక్కన చిన్న మైదానం మాది. గేటు దగ్గరికి వెళ్లకముందే వెటరన్లు ఎక్కడున్నారో ముక్కుకి తెలిసిపోతుంది. దేశంలో ఉన్న నొప్పుల తైలాలన్నీ అక్కడ కలిసి మబ్బులా నిలబడ్డాయి. దాని మీదుగా వెళ్లిన కాకి ఒకటి రెక్కల నొప్పులు తగ్గి మరీ వేగంగా ఎగిరింది. వరస మొదట్లో నిలబడి పళ్ల సెట్టు తీసి రుమాల్లో కట్టి భార్యకిచ్చినవాళ్లున్నారు. ఒకరినొకరు పలకరించుకోవడం కూడా, మనలాగా "బాగున్నారా" అని కాదు. "మోకాలెలా ఉంది?" "ఎడమది బాగుంది, మీ నడుమో?" అక్కడి పెద్దమనుషులు మరో అడుగు ముందుకేసి కడుపు సంగతి అడుగుతారు. గ్యాసు గురించి తెలుసుకోకుండా పరుగు మొదలుపెట్టించరు.

పరుగు మొదలుపెట్టించే ఆయన కోతి టోపీ, రెండు స్వెట్టర్లు, భుజం మీద శాలువా, చేతిలో తుపాకీతో ఉన్నాడు. అందరూ ఆయన్ని ముఖర్జీ బాబు అంటున్నారు. ఆయన "రెడీ" అన్నాడు. మధ్యలో టీ వచ్చింది. అందరం గీత మీద వంగి ఉండగానే ఆయన టీ తాగి, ముంత పగలగొట్టాడు. ఆ చప్పుడికి నలుగురం పరిగెత్తాం.

నా నాలుగు వందల మీటర్ల పరుగు గురించి ఎక్కువ చెప్పను. మొదటి మలుపులో నేనే ముందు. మలుపు తిరిగాక అందరూ ముందు. డెబ్బై దాటిన ఒక సర్దార్జీ, మాతోపాటే వేరే వరసలో పరిగెత్తుతూ, నన్ను దాటేటప్పుడు ఆగి "నీళ్లు కావాలా బేటా?" అని అడిగి మరీ వెళ్లాడు. అప్పలస్వామి గుండు విసిరితే అది పాదం దగ్గరే పడింది. రాజుగారి రెండు వందల మీటర్లలో ఊపిరంతా ఈలకే అయిపోయింది. ఇక మిగిలింది మర్నాటి రిలే. నలుగురు తలో వంద మీటర్లు, ఒకరి చేతిలోంచి ఒకరికి కర్ర అందిస్తూ పరిగెత్తడం. మా వయసు వరసలో పేరిచ్చింది మూడు జట్లే: బెంగాలు, కేరళ, మేము. కర్ర కింద పడకుండా గీత దాటితే చాలు, పతకం ఖాయం. మా ఊళ్లో రిక్షాకి పువ్వులు కట్టడానికి అంతకంటే ఏం కావాలి?

అప్పుడే శేషగిరి లాంగ్‌జంప్‌కి పరిగెత్తుకొచ్చి, గాలి కోణం సరిగ్గా లెక్కకట్టి, ఇసుక దాకా రాకుండానే పిక్క పట్టేసి కూలబడ్డాడు. లేపి నిలబెడితే కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డాడు. జట్టులో ముగ్గురం మిగిలాం.

మార్తమ్మ సాక్ష్యం

డేనియల్ దంపతులు ఆరోజు నా పరుగు చూడ్డానికి నాలుగు గిన్నెల కారియరుతో వచ్చారు. నేను రాజుగారి చెవిలో చెప్పాను. రాజుగారు డేనియల్ గారి చుట్టూ ఒకసారి తిరిగి, పిక్కలు నొక్కి చూసి, ఈల వేశారు. ఎంపిక అయిపోయింది.

డేనియల్ గారు కోతి టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. "సొక్కా ఇత్తారేటి?" అని మాత్రం అడిగారు.

శేషగిరి తన చొక్కా విప్పుతూ, "ఇస్తాను గాని పరుగవగానే తిరిగిచ్చెయ్యాలి. మా అమ్మాయి ఫొటో స్టూడియోలో మాట్లాడి పెట్టింది," అన్నాడు. ఆ అమ్మాయిని తప్పుపట్టలేం. ఒంటికాలి ఫొటో అయినా ఫొటోయే.

పేర్లు రాసుకునే బల్ల దగ్గర ముఖర్జీ బాబు ఒప్పుకోలేదు. ఆయన ఏదో అడగడం, డేనియల్ గారు గడగడా బెంగాలీలో జవాబు చెప్పడం, దానికి మిగతా పెద్దమనుషులు నవ్వడం. అంత చక్కని బెంగాలీ మాట్లాడేవాడు ఆంధ్రా మనిషి ఎలా అవుతాడని ఆయన వాదన. మేము ముగ్గురం ఆంధ్రులమనడానికి సాక్ష్యం మా బెంగాలీయేనట. ఇన్నేళ్లూ మద్రాజీ అనిపించుకున్న మనిషిని ఆ ఒక్క పూట బెంగాలీ చేసేశారు. పుట్టిన ఊరు చెప్పారు, సంఘం పాస్టరు పేరు చెప్పారు, రాజుగారు ఈల వేశారు. లాభం లేకపోయింది.

సరిగ్గా అప్పుడు మార్తమ్మకి సంగతి తెలిసింది. కారియరు అక్కడే పడేసి వచ్చింది.

"పరిగెడతారా మీరు? ఏటి, పరిగెడతారా? నిన్న సబ్బు కొనుక్కురమ్మంటే నడుం నొప్పన్నారు కాదేటి? సంచీ మోయమంటే మోకాలన్నారు. మంచం కోడు సరిసెయ్యమంటే కళ్లు తిరుగుతున్నాయన్నారు. మరిప్పుడు తుపాకీ పేలితే పరిగెడతారా? అయితే రేపట్నించి ఇంట్లోనూ తుపాకీయే పేలుస్తాను నాను."

డేనియల్ గారు చొక్కా గుండెకి ఆనించుకుని తల వంచుకుని నిలబడ్డారు. ముఖర్జీ బాబు కోతి టోపీ కొంచెం పైకెత్తి, చెవి బయటపెట్టి శ్రద్ధగా విన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు గాని అంతా అర్థమైంది. కలం తీసి పేరు రాసుకుంటూ, వచ్చీరాని హిందీలో అన్నాడు: "ఇలా చీవాట్లు సొంత భాషలోనే పడతాయి. ఠిక్ ఆఛే. ఈయన మీ మనిషే."

అప్పడాల కర్ర

ఆ సాయంత్రం సంత్రాగాఛి రైల్వే మైదానంలో అభ్యాసం. కర్ర లేక మార్తమ్మ అప్పడాల కర్ర తెచ్చాం. మొదట అప్పలస్వామి, తరవాత రాజుగారు, మూడో మనిషి డేనియల్ గారు, చివర నేను. ఈ వయసులో ఇంకో మనిషి చేతిలో వస్తువు పరిగెత్తుతూ అందుకోవడం కంటే సూదిలో దారం ఎక్కించడం తేలిక. అలాంటిది రాజుగారు అందించిన కర్రని డేనియల్ గారు గాల్లోంచి పండు కోసినట్టు అందుకున్నారు. అందుకుని, నిలబడిపోయారు. కర్రని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

"ఏం చూస్తున్నారన్నయ్యా?" అన్నాను.

"పేరు."

"ఏం పేరు?"

"స్టేషన్ పేరు. సూడకుండా ఎల్లిపోతారేటి?"

అప్పుడు చెప్పారు. ఒకే పట్టా ఉన్న లైన్ల మీద ఎదురెదురుగా రెండు బళ్లు రాకుండా, ముందు దారి ఖాళీగా ఉందనడానికి గుర్తుగా డ్రైవరుకి ఒక ఇనుప బంతి ఇస్తారట. దాన్నే టోకెను అంటారు. మీద స్టేషను పేరు చెక్కి ఉంటుంది. అది లేనిదే బండి కదలకూడదు. బండి ఆగని చోట, ఆ బంతిని సంచీలో పెట్టి, పెద్ద పేము చక్రానికి కట్టి ఎత్తి పట్టుకుంటే, ఇంజనులోంచి చెయ్యి చాపి భుజానికి తగిలించుకోవాలి. తగిలించుకోగానే పేరు చదువుకోవాలి. తప్పు టోకెనుతో వెళ్తే ఎదురుగా ఇంకో బండి. బతుకంతా ఆయన చేసిన పని అది.

"ఇక్కడ ఎదురుగా ఎవరూ రారన్నయ్యా."

"రారని ఎవుడు సెప్పినాడు నీకు?"

దానికి రాజుగారు ఉపాయం ఆలోచించారు. కర్ర అందిస్తూ "సంత్రాగాఛి" అని తనే గట్టిగా అరుస్తారు. ఇక చదవక్కర్లేదు. డేనియల్ గారు ఒప్పుకున్నారు. తరవాత నా వంతు. ఆయన కర్ర నా చేతికిచ్చారు. ఇచ్చారు గాని వదల్లేదు. నేను లాగాను. ఆయనా లాగారు.

"ఒగ్గండి మరి."

"పాతది ఏదీ? కొత్తది తీసుకున్నోడు పాతది ఇవ్వాల. ఒకటిచ్చి ఒకటి తీసుకుంతాం. ఊరికే ఒగ్గీడానికి సెయ్యి రాదు తమ్ముడూ, నానేటి సేసీది."

నిజంగానే చెయ్యి రావడం లేదు. మనసు చెప్పినా వేళ్లు వినడం లేదు. చివరికి నేను ఎడం చేత్తో నా రుమాలు ఆయనకిచ్చాను. వెంటనే కర్ర వదిలారు. సరే, రేపూ అదే చేద్దామనుకున్నాం. ఆ రాత్రి మార్తమ్మ చపాతీలకి కర్ర లేక అన్నమే వండింది.

పరుగు

మర్నాడు నీలం చొక్కా వేసుకున్న డేనియల్ గారిని చూసి మేము గుర్తుపట్టలేదు. భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది. ఆయన మాటిమాటికీ గడ్డం కిందికి వంచి గుండె మీద అక్షరాలు చూసుకుంటున్నారు.

తుపాకీ పేలింది. టీ ముంత కాదు, తుపాకీయే. అప్పలస్వామి బియ్యం బస్తా గోడౌన్ మెట్ల మీంచి దొర్లినట్టు దొర్లాడు. కేరళవాళ్లకి కొంచెమే వెనక. రాజుగారు అందుకున్నారు. ఈల నోట్లో పెట్టుకునే పరిగెత్తారు. డేనియల్ గారి దగ్గరికొచ్చి "సంత్రాగాఛి" అని అరవబోతే ఊపిరి లేదు, ఈల మోగింది. అంతే. డేనియల్ గారు కర్ర అందుకుని, ఆగి, మొదటి కొస నుంచి చివరి కొస దాకా తిప్పి చూశారు.

"పొండీ," అని మార్తమ్మ గొంతు మైదానం అవతల నుంచి వినిపించింది.

అప్పుడు కదిలారు. బొగ్గింజను ఎలా కదులుతుందో చూశారా? ముందు పెద్ద ఊపిరి, తరవాత ఒక అడుగు, ఇంకో అడుగు, మోచేతులు చక్రాల కడ్డీల్లా ముందుకీ వెనక్కీ. ఒకసారి వేగం అందుకుంటే ఇక ఎవరూ ఆపలేరు. బెంగాలువాళ్లు సొంత జట్టుని మరిచిపోయి, "ఛాలావ్ దాదా," అని ఆయన కోసం చప్పట్లు కొట్టారు. కేరళ మనిషి వీపు దగ్గరయింది. ఆయన ముఖం నాకు కనిపిస్తోంది. ఆ ముఖంలో వయసు లేదు.

నా దగ్గరికొచ్చారు. కర్ర నా కుడి చేతిలో పెట్టారు. నేను ఎడం చేతిలో రుమాలు కోసం చూశాను. లేదు. కంగారులో ఎప్పుడో జారిపోయి నా బూటు కిందే ఉంది. ఇద్దరం చెరో కొసా పట్టుకుని పరిగెత్తుతున్నాం. పెళ్లిలో బిందెలో ఉంగరం కోసం కొట్టుకునే వధూవరుల్లా ఉన్నామని తరవాత అప్పలస్వామి అన్నాడు. నాలుగడుగుల్లో గీత. అది దాటాక కర్ర ఇచ్చుకుంటే జట్టు మొత్తాన్నీ తీసేస్తారు.

"ఒగ్గన్నయ్యా."

"సెయ్యి రాదు తమ్ముడూ," అన్నారు.

రొమ్ము మీద పిన్నులతో గుచ్చిన నంబరు గుడ్డ ఉంది. ఎడం చేత్తో దాన్ని చింపి ఆయన చేతిలో పెట్టాను. పిన్ను ఒకటి నాకు గుచ్చుకుంది. కర్ర వదిలింది. నేను పరిగెత్తాను. ఆ పరుగులో ఒక కాకిని, రెండు కుక్కల్ని, గాలిని దాటాను. కేరళని మాత్రం దాటలేకపోయాను. మూడు జట్లలో మూడో స్థానం.

గీత దాటాక ముఖర్జీ బాబు నా రొమ్ము చూసి తల అడ్డంగా ఊపాడు. నంబరు లేని మనిషి వచ్చినట్టు రాసుకోవడం ఎలా అన్నాడు. అంతలో డేనియల్ గారు నంబరు గుడ్డని తల మీదికెత్తి పట్టుకుని వచ్చారు. ముఖర్జీ బాబు దాన్ని అందుకున్నాడు. డేనియల్ గారు వదల్లేదు. ఆయన లాగాడు, ఈయన లాగారు. బెంగాలీలో ఏదో సంభాషణ జరిగింది. చివరికి ముఖర్జీ బాబు నవ్వుతూ డబ్బాలోంచి నాలుగు పతకాలు తీసి డేనియల్ గారి రెండో చేతిలో పెట్టాడు. అప్పుడు వేళ్లు విచ్చుకున్నాయి.

మార్తమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాం. చొక్కా కాలరు సరిచేసి, గుండె మీద దుమ్ము లేకపోయినా దులిపింది.

శేషగిరి కుంటుకుంటూ వచ్చి నిలబడ్డాడు. పాపం అడగలేదు. డేనియల్ గారే విప్పేశారు. చలిలో బనీనుతో నిలబడి చొక్కాని నాలుగు మడతలు పెట్టారు. అక్షరాలు పైకి వచ్చేట్టు పెట్టి, వాటి మీద ఒకసారి బొటనవేలు రాసి ఇచ్చేశారు. "ఒక పూట ఏసుకున్నాను కాదేటి. సాలు," అన్నారు. ఈసారి చెయ్యి చాపి బదులేమీ అడగలేదు.

తిరుగు బండి

తిరుగు ప్రయాణానికి ముందు మార్తమ్మ రత్నం జాడీని రేగుపళ్ల తీపి పచ్చడితో నింపి ఇచ్చింది. జాడీ ఖాళీగా పంపడం వాళ్లింటా వంటా లేదు. డేనియల్ గారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు.

"మీ బండి సంత్రాగాఛిలో ఆగదు. గాని యార్డు కాడ నెమ్మదవుద్ది. ఎడంపక్క తలుపు కాడ నిలబడి సెయ్యి బయటపెట్టు. మీ ఒదిన వేపుడు సేపలు పంపుతాది."

అందుకు బదులివ్వడానికి హౌరాలో సందేశ్ మిఠాయి పొట్లం కొన్నాను. నీలం చొక్కా ఒంటి మీదే ఉంది. ఊరేగింపుకి నలగకూడదని దారంతా నిటారుగా కూర్చోవాలనుకున్నాను. బండి కదిలి, వంతెనలు, ఇటుక గోడల మీద ఎర్రరాతలు, పట్టాల మీద ఆరేసిన చీరలు దాటి, యార్డు సిగ్నళ్లు కనిపించేసరికి పొట్లం తీసి రాజుగారి ఒళ్లో పెట్టి, చొక్కా విప్పడం మొదలుపెట్టాను.

"చలికాలమండీ," అన్నారు రాజుగారు.

"మీ మఫ్లరు ఇటివ్వండి."

ఊరేగింపు మాట ఆయనకీ గుర్తొచ్చింది. మఫ్లరు తీసిచ్చి, ఈల నోట్లో పెట్టుకున్నారు.

ప్లాట్‌ఫారం చివర డేనియల్ గారు నిలబడి ఉన్నారు. కోతి టోపీ, మెడలో పతకం, కాళ్లు రెండూ దూరంగా పెట్టి, చేత్తో పేము చక్రం ఎత్తి. నా వంక చూడలేదు. ఇంజను వంకే చూస్తున్నారు. నేను బనీనుతో తలుపులో నిలబడి కుడి చెయ్యి చాపాను. చక్రం వచ్చి మోచెయ్యి మీద పడి, సర్రున భుజం దాకా ఎక్కింది. చేపల వేపుడు వాసన ముక్కుకి తగిలింది. అదే క్షణంలో ఎడం చేత్తో చొక్కా వదిలాను.

గాల్లోంచి పండు కోసినట్టు అందుకున్నారు.

బండి ముందుకెళుతోంది. నేను తలుపులోంచి వంగి చూశాను. ఆయన ఆ చొక్కాని రెండు చేతులతో చాపి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, అక్షరాలున్న వైపు కనిపించగానే ఆగారు. పేరు చదువుకున్నారు. ఆ తరవాత తలెత్తి, అంతా సరిగ్గానే ఉంది, వెళ్లొచ్చు అన్నట్టు చెయ్యి పైకెత్తి చూపించారు.

బండి వేగం అందుకుంది.